అరటి బోదె పక్కన అవ్వ

నాకు మొదటి నుంచీ భయం ఎక్కువ. మబ్బు పడితే చేను కొట్టుకుపోతుందని, మబ్బు పోతే ఎండిపోతుందని రెండు వైపులా ఏడ్చే రకం. అలాంటి నా చేతికి, పందొమ్మిదో ఏట, మా ఇంటి విల్లు వచ్చింది.

సిద్దిపేటకు రెండు కోసుల దూరంలో మా ఊరు. నైజాం రాజ్యం ఇంకా నడుస్తున్న కాలం, నలభైల మొదట్లో సంగతి. దసరా సాయంత్రం ఊరంతా జమ్మికి కదిలే ముందు, అమ్మవారి గుడి వెనక బీడులో పాతిన అరటి బోదెను మా ఇంటి మనిషి ఒకే ఒక్క బాణంతో కొట్టాలి. ఆ పని చేసినందుకు మాకు అరెకరం ఇనాం మడి ఉండేది. మేము తినే అన్నం ఆ మడిదే. వరుసగా రెండేళ్లు గురి తప్పితే విల్లూ మడీ కూడా పెద్దనాయిన ఇంటికి పోవాలని కట్టుబాటు. అంతకుముందు ఏడు మా బాపు తప్పాడు.

ఎందుకు తప్పాడో ఇంట్లో ముగ్గురికే తెలుసు. బాపు కళ్లకు పొరలు కమ్మి నాలుగేళ్లయింది. నలభై అంగల దూరంలో ఉన్న బోదె ఆయనకు కనిపించేది కాదు. అందుకని అవ్వ, అంటే మా అమ్మ, ఎర్రచీర కట్టుకుని, బోదెకు కుడివైపు బారెడు దూరంలో నిలబడేది. మసకగానైనా కనిపించే ఆ ఎరుపును చూసుకుని, దానికి బారెడు ఎడమకు బాపు కొట్టేవాడు. మూడేళ్లు అలాగే తగిలింది. నాలుగో ఏడు అవ్వకు చలిజ్వరం వచ్చి మంచం దిగలేదు. బాణం ఎటో పోయింది. ఊరిని భలే బురిడీ కొట్టించామని అంతకుముందు మూడేళ్లూ నవ్వుకున్నవాళ్లం, ఆ పండుగ పూట ఎవరి ముఖం ఎవరం చూసుకోలేదు.

తొలకరి పడగానే బాపు నాకు నేర్పడం మొదలుపెట్టాడు. దొడ్లో గడ్డిమోపు నిలబెట్టి, నా వెనక నిలబడి, భుజాలు తడిమి చూసేవాడు. కళ్లు లేకపోయినా చేతులతో అన్నీ కనిపెట్టేవాడు.

"విల్లును గట్లెందుకు పిసుకుతున్నవ్‌రా? పాలచెంబు పట్టినట్టు పట్టు. గుంజినంక బొటనవేలు దవడకు తాకాలె. దినాం గాడనే తాకాలె."

"తాకింది బాపు."

"ఇగ ఇడువు. వేళ్లు తెరువకు, ఊకె బలం తీసెయ్యి. తాడే జారిపోతది."

చెప్పడం సులభమే. నా వేళ్లు మాత్రం విడిచే ముందు ఒకసారి ఉలిక్కిపడేవి. ఆ ఉలికిపాటుకు బాణం దొడ్డి గోడ దాటేది. నేను పోయి వెతుక్కుని వచ్చేవాడిని, గొణుక్కుంటూ. తప్పింది నేనైనా కోపం మాత్రం బాణం మీద.

నా చేయి కాస్త కుదిరాక విల్లు పని పట్టాం. పై కొమ్మ బిర్రుగా ఉండి కింది కొమ్మే వంగుతుంటే, పైదాన్ని గాజుపెంకుతో పొట్టు పొట్టుగా గీకించాడు. బాణం మోపుకు పైగా పోతుంటే, తాడు మీద బాణం ఆనించే చోట కట్టిన దారపు ముడిని వడ్లగింజంత మీదికి జరపమన్నాడు. "తోక లేస్తె ముక్కు దిగుతది," అన్నాడు. నిజంగానే దిగింది. ఎడమకు పోయే బాణాలను మోకాలికి ఆనించి వంచి చూసి, వంగనివాటిని సన్నగా గీకాం.

అయినా బాపు పాత జనపనార తాడు ఒక్కోసారి ఒక్కోతీరుగా లాగేది. నేను సిద్దిపేట బజారుకు పోయి, దూది ఏకే సాయిబును పట్టుకున్నాను. ఆయన ఏకుడు విల్లుకు ఉండే నరపు తాడు చూసి నాకు ఆశ పుట్టింది. మా విల్లుకు సరిపడా ఒకటి పేని ఇచ్చి, వేలితో మీటి వినిపించాడు.

"గిది మేక నరం బేటా. ఒక్కతీరుగ గుంజుతది. కని తడి తగిలిందా, మెత్తగైతది. యాదుంచుకో."

ఆ తాడుతో నా బాణాలన్నీ అరచేయంత జాగాలో పడసాగాయి. పుట్టి బుద్ధెరిగాక అంత ధైర్యంగా నేనెప్పుడూ లేను. భాద్రపదంలో ఒకసారి విల్లు వాన జల్లుకు తడిసి, ఆ పూట బాణం మోపుకు బారెడు కుడికి పోయింది. ఎండబెడితే సర్దుకుంది. అప్పుడైనా నా మట్టిబుర్రకు తట్టాల్సింది, తట్టలేదు.

నవరాత్రుల మొదటి రోజు విల్లును తాడు ఎక్కించే గుడిలో పెట్టాలి. దసరా దాకా దించకూడదు, మేము ముట్టకూడదు. మూడో రోజు దండం పెట్టుకుందామని పోయిన నేను, పూజారి చెంబెడు పసుపునీళ్లు విల్లు మీద కుమ్మరించడం చూశాను. ఏటా జరిగేదే అది. నార తాడు తడిస్తే ఇంకా బిగిసేది తప్ప దానికేమీ అయ్యేది కాదు. నరపు తాడు కట్టిన తెలివైనవాడిని నేను. ఇంటికి పరుగెత్తి బాపుకు చెప్పాను.

"పూజారికి చెప్దామా?" అన్నాను.

"ఏమని చెప్తవ్? అమ్మవారి ముందట మేక నరం పెట్టినమనా?"

ఆ తరవాత ఆరు రోజులూ నాకు ముద్ద దిగలేదు. పొద్దున గుడి గంట మోగితే చాలు, ఇంకో చెంబు పడిందని లెక్కపెట్టుకునేవాడిని.

దసరా సాయంత్రం విల్లు నా చేతికిచ్చారు. విల్లు మీద పిడికిలి పెట్టి బొటనవేలు లేపితే, వేలి కొన తాడుకు తాకాలి. ఆ రోజు పిడికిలికే తాడు తాకింది. అంతగా సాగిపోయింది. తాడు విప్పి బిగించకూడదు. బాణం వేసి చూసుకోకూడదు. విల్లు ముట్టినప్పటి నుంచి బాణం వదిలేదాకా నోరు విప్పకూడదు. లాగిన తాడును వదలకుండా దించితే తప్పినట్టే లెక్క. బాపు నా పక్కన నిలబడ్డాడు. ఎడమన జనం, ముందు వరుసలో పెద్దనాయిన.

బాణం కుడికి పోతుందని తెలుసు కాబట్టి బారెడు ఎడమకు గురిపెడదామని లెక్క వేసుకుని తాడు లాగాను. బోదె చూశాను. దాని పక్కన, బాణం పోయే కుడివైపే, అవ్వ ఉంది.

ఎవరూ రమ్మనలేదు. పోయిన ఏడు తాను నిలబడకపోవడం వల్లే కదా తప్పిందని, ఎర్రచీర కట్టుకుని తనంతట తానే వచ్చింది. నాకు కళ్లున్నాయన్న సంగతి మర్చిపోయిందో, నిలబడితే చాలు తగులుతుందనుకుందో. జరుగు జరుగు అని తల ఊపాను. నాకు సరిగా కనిపించడం లేదనుకుని కొంగు పట్టుకుని పైకెత్తింది. ఇంకో అంగ బోదె వైపు జరిగింది.

భాద్రపదంలో తడిసింది ఒక్క పూట. ఇది తొమ్మిది రోజుల తడి. బారెడే పోతుందా, రెండు బారలు పోతుందా? ఇంకా ఎడమకు తిప్పితే అక్కడ జనం. మడి కళ్లముందు మెదిలింది, అబద్ధమెందుకు. మెల్లగా తాడు దించేశాను.

జనం ఒక్కసారిగా అరిచారు. ఆ అరుపులో బాపు నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

"ఎటు పోయిందిరా? సప్పుడే కాలే."

"ఇడువలే బాపు."

"ఎందుకు?"

"అవ్వ గాడ నిలవడ్డది. తాడు మంచిగ లేదు. అవ్వకు తాకుతదని భయమైంది."

బాపు నా చెయ్యి వదిలేశాడు. ఇంతలో అవ్వ రొప్పుకుంటూ వచ్చింది.

"మడి పాయె గదరా! నేను నిలవడ్డ గద, ఇంక నీకెందుకు భయం?"

"మూడేండ్లు," అన్నాడు బాపు ఆమె వైపు తిరిగి. "కండ్లు కనవడకుంట మూడేండ్లు గట్లనే నీ పక్కకు కొట్టిన."

"అయితే ఏంది? ఒక్కటన్న నాకు తాకిందా?"

బాపు చేతులతో తడుముకుంటూ ఆమె భుజం పట్టుకుని, అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. మడి పోయినందుకు ఏడుస్తున్నాడనుకుని పెద్దనాయిన దగ్గరికి వచ్చి ఓదార్చాడు.