కత్తి తోక మీద గాటు

తొంభైల చివర్లో పోర్టులో ఉద్యోగం చేస్తూ, ఆదివారాలు వన్ టౌన్‌లో ఒక ముసలి కమ్మరి దగ్గర కత్తులు చేయడం నేర్చుకున్నాను. రెండు రకాల ఉక్కు రేకులు పేర్చి, కొలిమిలో కాల్చి, ఒక్కటయ్యేదాకా కొట్టేవాళ్లం. సానపట్టాక యాసిడ్‌లో ముంచితే అలల్లాంటి గీతలు తేలతాయి. సరిగ్గా ఆ పనికి ముందే ఆయన నన్ను టీకి పంపేసేవాడు. తిరిగొచ్చేసరికి గీతలు తేలిన కత్తి బల్ల మీద ఉండేది. నేను కొట్టిన కత్తి అంత అందంగా వస్తుందా? తను చేసినదాన్ని పెట్టి మార్చేస్తున్నాడని అనుమానం పట్టుకుంది.

ఒకసారి, పిడిలో దూరే తోక మీద ఆకురాయితో చిన్న గాటు పెట్టి మరీ వెళ్లాను. వచ్చి చూస్తే గాటు అలాగే ఉంది.

"గుర్తెట్టినావేటి బాబూ? మార్సేత్తన్నాననుకున్నావా?" అన్నాడు.

తలెత్తలేకపోయాను. "మరి నన్నెందుకు పంపేస్తారు?" అన్నాను.

"ఆ పొగకి నా ఊపిరి పాడైపోనాది. నీకెందుకని."

పూర్తిగా నమ్మలేదు. తర్వాతి ఆదివారం టీకి వెళ్లనని మొండికేశాను. ఆయన కత్తి నా చేతికిచ్చాడు. ముంచగానే గొంతు మండి, వీధిలోకి పరిగెత్తాను. ఆ వారం నుంచి యాసిడ్ తొట్టిని ఇద్దరం కలిసి వాకిట్లోకి మార్చుకున్నాం.