భారతి కొట్టని ఆర్డర్

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ నిండుగా నడుస్తున్న సంవత్సరం అది. ఖమ్మంలో ఒక షేర్ బ్రోకింగ్ సంస్థ బ్రాంచికి నేను మేనేజర్ని. కింద చెప్పుల దుకాణం, పైన మా ఆఫీసు. ఉన్నది ముగ్గురమే: నేను, డీలర్ రమణ, ఖాతాలు తెరిచే పని చూసే భారతి.

డీలర్ అంటే క్లయింట్ల తరఫున షేర్లు కొని అమ్మే ఉద్యోగి. క్లయింట్ ఫోన్లో చెబుతాడు, ఆ మాట రికార్డవుతుంది. డీలర్ టర్మినల్ మీద, అంటే మార్కెట్‌తో నేరుగా కలిపిన కంప్యూటర్ మీద, ఆర్డర్ కొడతాడు. సర్టిఫికేషన్ పరీక్ష పాసై, ఎక్స్ఛేంజ్‌లో పేరు నమోదైన వాళ్లే ఆ కీబోర్డు ముట్టాలి.

భారతిది ములకలపల్లి అవతల అడవి అంచు పల్లె. ఇంట్లో మాట్లాడేది కోయభాష. వేసవి వస్తే ఇంటిల్లిపాదీ బీడీలు చుట్టే తునికాకు కోతకు పోతారు. బీకాం చదివి మా దగ్గర చేరింది. చేరిన కొద్ది రోజులకే "సార్, నేను డీలర్ పరీక్ష రాస్త" అంది. పుస్తకమంతా ఇంగ్లీషు. మార్కెట్ మూసాక రమణ పక్కన కుర్చీ వేసుకొని చదివేది. ఫార్వర్డ్ కాంట్రాక్టు గురించి నేను చెప్పబోతే నవ్వింది. "ఆకు కోయకముందే రేటు మాట్లాడుకుంటరు గద సార్, గట్లనే గద?"

మొదటిసారి హైదరాబాద్ వెళ్లి రాసి తప్పింది. ఆ పరీక్షలో నెగెటివ్ మార్కింగ్ ఉంటుంది. తప్పు జవాబు పెడితే వచ్చిన మార్కుల్లోంచి కోస్తారు. "తెలవనియి కూడ అందాజగ పెట్టిన సార్. గదే ముంచింది" అంది. ఏడవలేదు. మళ్లీ దరఖాస్తు పెట్టుకుంది.

రెండో పరీక్ష దగ్గర పడుతుండగా ఒక రోజు మార్కెట్ పొద్దున్నే కుప్పకూలింది. నేను సత్తుపల్లిలో ఉన్నాను. ఆఫీసులో రమణకు కడుపునొప్పి వచ్చి నిలబడలేకపోతే, కింది దుకాణం వాళ్లు ఆటోలో దవాఖానాకు తీసుకెళ్లారు. టర్మినల్ తెరిచే ఉంది. సరిగ్గా అప్పుడే మా క్లయింట్లందరిలోకీ పెద్దాయన, బోనకల్ నుంచి వచ్చే రిటైర్డ్ హెడ్మాస్టరు గారు, రొప్పుతూ మెట్లెక్కి వచ్చారు. సెల్‌ఫోన్ యాప్‌ను ఆయన ఎప్పుడూ నమ్మలేదు.

"నా షేర్లన్నీ అమ్మెయ్. జల్దీ!"

"రమణన్న దవాఖానాకు పోయిండు సార్. నాకింకా పర్మిషన్ రాలే."

"ఆర్డర్ కొట్టుడు నీకు రాదా?"

"వస్తది సార్. కాని నేను కొట్టొద్దు."

"షేర్లు నాయి, చెప్పేది నేను. ఎవరు చూస్తున్నరు ఇక్కడ?"

భారతి లేచి టర్మినల్ స్క్రీన్ లాక్ చేసింది. హెడ్ ఆఫీసు డీలింగ్ నంబరు కలిపి ఫోన్ ఆయన చేతికిచ్చింది. ఆ రోజు అందరూ ఆ నంబరుకే చేస్తున్నారు. లైను దొరికి అమ్మకం పూర్తయ్యేసరికి ధర ఇంకా కిందికి జారింది. ఆయన ఫోన్ బల్ల మీద పడేసి వెళ్లిపోయారు.

మర్నాడు నా ఎదురుగా కూర్చొని ఒకటే మాట అడిగారు. "ఆ పిల్లను తీసేస్తవా, నన్ను పొమ్మంటవా?"

"ఆమె తప్పు చేయలేదు సార్. తీసెయ్యలేను" అన్నాను.

ఆయన ఖాతా మూసేసి వెళ్లిపోయారు. భారతికి అప్పుడొచ్చింది ఏడుపు. "నా వల్ల బ్రాంచి దెబ్బతిన్నది సార్. నేనే మానేస్త."

"రేపు మళ్లీ గట్లనే అయితే ఏం చేస్తవ్?"

"గట్లనే చేస్త సార్."

"అయితే పోయి చదువుకో."

రెండోసారి పాసైంది. తెలియని ప్రశ్నలన్నీ ఖాళీగా వదిలేసిందట. ఎక్స్ఛేంజ్‌లో పేరు నమోదై, తనకంటూ ఒక లాగిన్ వచ్చిన రోజు, కుర్చీలో కూర్చునే ముందు కీబోర్డును చున్నీతో తుడుచుకుంది.

కొన్ని వారాలకు ఒక పెద్దావిడ వచ్చింది. రిటైరైన నర్సు. హెడ్మాస్టరు గారి భార్య.

"నా పేరు మీద ఖాతా తెరువుండ్రి. ఆ అమ్మాయే చూడాలె."

నాకు ఆశ్చర్యమేసింది. "సార్‌కు మా మీద కోపం గదమ్మా?"

"కోపమే. ఇంట్ల రోజూ గదే తిట్టుడు. ‘షేర్లు నాయి, నేనే చెప్పినా, చూసేటోళ్లు ఎవ్వరు లేకున్నా మిషిన్ ముట్టలేదు ఆ పిల్ల’ అంటడు. విని విని, నాకు గసొంటి మనిషే కావాలె అనుకున్న."

భారతి సిగ్గుపడింది. తర్వాత సర్దుకొని, "అమ్మా, ఏది కొనాల్నో ఏది అమ్మాల్నో మీరే చెప్పాలె. మీరు చెప్పంది నేను కొట్ట" అంది.

"అందుకే వచ్చిన బిడ్డా" అందామె.

ఆ తర్వాత ఎందరో కొత్తవాళ్లకు ఈ పని నేర్పాను. వేళ్లు చకచకా ఆడేవాళ్లు, మార్కెట్ గురించి గంటలు గంటలు చెప్పగలిగేవాళ్లు దొరుకుతూనే ఉన్నారు. వాళ్లలో పరీక్ష పాసైనవాళ్లను డీలర్లుగా తీసుకుంటున్నాను. కానీ పక్కవాడి సొమ్ము ముందు కూర్చున్నప్పుడు చేతులు ఎలా అదుపులో ఉంచుకోవాలో నేను చూసింది మాత్రం భారతి దగ్గరే, అదీ ఆమెకు లాగిన్ రాకముందే.