కీలు చూసి కొన్న కత్తి

మా వదిన ఒక నర్సరీలో ఇరవై రెండేళ్లుగా గులాబీలకు అంట్లు కడుతోంది. పాత జేబుకత్తి అరిగిపోతే, కొత్తది కొనడానికి మొన్న నేనూ తోడు వెళ్లాను.

నాకు తొందరెక్కువ. కొట్లో మెరుస్తున్నదొకటి చూపించి, "వదినా, దీంట్లో కత్తెర కూడా ఉంది. మన డబ్బుల్లోనే వస్తుంది" అన్నాను.

"కత్తెర ఇంట్లో ఉందిలే అబ్బాయ్. మీ అన్న మీసానికి తప్ప దాన్ని తీసేవాళ్లే లేరు."

కొట్టాయన మామూలువి నాలుగు తీసి ముందు పెట్టాడు. వదిన వాటి పదును చూడలేదు. ఒక్కోదాన్ని తెరిచి, మొన పట్టుకుని అటూ ఇటూ కదిపింది. రెండు ఊగాయి. మూడోదాని వీపును బల్లకు తట్టగానే అది ముడుచుకుపోయింది. కొట్టాయన దాన్ని డబ్బాలో పెట్టేశాడు. చెక్కపిడి ఉన్న నాలుగోది మాత్రం బిగుసుకుని నిలబడింది.

"అది కాస్త మొద్దుగా ఉందమ్మా" అన్నాడాయన.

"పదును నేను పెట్టుకుంటానండి. కీలు వదులైతే నావల్ల కాదు."

"ఒక్క కత్తికి ఇంత పరీక్షా?" అని విసుక్కున్నాను.

వదిన డబ్బులు లెక్కపెట్టి ఇచ్చింది. అప్పుడు ఆమె చూపుడువేలి మీది కుట్ల మచ్చ కనబడింది. రెండేళ్ల క్రితం పని మధ్యలో మూసుకుపోయి ఆ వేలిని కోసిన కత్తి, నేను బేరమాడి చవగ్గా తెచ్చిచ్చిందే. ఎవరడిగినా వదిన ఇప్పటికీ రేకు తలుపు కోసుకుందనే చెబుతుంది.