కోసేసిన తలా తోకా

ఈ వేసవి సెలవుల్లో రక్షితకు ఒక కొత్త ప్రశ్న పట్టుకుంది. పిల్లకు ఎనిమిదేళ్లు.

"అమ్మా, నాన్న ఎట్ల నడస్తా ఉండె?"

రత్న చేతిలో పని ఆపి, కుడికాలు కొంచెం బయటికి పెడుతూ నట్టింట్లో నాలుగడుగులు నడిచి చూపిస్తుంది. పిల్ల పెదవి విరుస్తుంది.

"అది నువ్వు నడిచినట్లే ఉండాది. నాన్న మాదిరి లేదు."

పోనీ నాన్న మాదిరి ఎలా ఉంటుందో దానికి గుర్తుందా అంటే, లేదు. తండ్రి పోయేనాటికి దానికి ఐదేళ్లు. గోడ మీద ఫోటోలున్నాయి కాబట్టి మొహం మిగిలింది. నడక, నవ్వినప్పుడు తల ఊపడం, చేయి చాచి పిలవడం, అన్నీ చెరిగిపోయాయి. కదిలే నాన్నను ఒక్కసారి చూడాలి. ఆ పిల్ల కోరిక అంతే.

పదిహేనేళ్లు ఈ కోలారు బంగారు గనుల ఊళ్లో, కేజీఎఫ్‌లో, సగం పెళ్లిళ్లు వీడియో తీసినవాడి ఇంట్లో ఇదేం చోద్యమని మీరనుకోవచ్చు. వీడియో తీసేవాడు వీడియోలో పడడు మరి. ఆవని గుడిలో జగదీష్‌కూ రత్నకూ పెళ్లయినప్పుడు వీడియో లేదు, తీయాల్సినవాడు పీటల మీద కూర్చున్నాడు కాబట్టి. బిడ్డ పుట్టాక తీసినవన్నీ అతని ఫోన్లోనే ఉండేవి, వాటిల్లోనూ ఉన్నది తల్లీ బిడ్డే. రత్నది అప్పట్లో బటన్ల ఫోను. మూడేళ్ల కింద నంగలి దగ్గర హైవే మీద, పట్టపగలు, లారీ గుద్దినప్పుడు జగదీష్‌తో పాటు ఆ ఫోనూ పిప్పి అయింది. భుజాన ఉన్న సంచిలో డ్రోన్‌కు మాత్రం గీత కూడా పడలేదు. మనిషిని తీసుకుని యంత్రాన్ని మిగిల్చిన దేవుణ్ణి రత్న నోటికొచ్చినట్లు తిట్టింది. నేనైనా తిట్టేవాణ్ణే.

ఆ డ్రోన్ అంటే జగదీష్‌కు ప్రాణం. "మా తాత గనిలో కిందికి దిగి బతికినాడు, నేను పైకెక్కి బతకతాను" అనేవాడు. అతనికి రెండు అలవాట్లుండేవి. ఒకసారి పెళ్లికొడుకు ఊరేగింపు మొత్తం రికార్డు నొక్కకుండానే ఎగరేసి, ఆడపెళ్లివాళ్ల చేత చీవాట్లు తిన్నాడు. ఆనాటి నుంచి డ్రోన్ నేల మీద ఉండగానే రికార్డు నొక్కేవాడు. రెండోది, దాన్ని ఎప్పుడూ నేలకు దించేవాడు కాదు. కేజీఎఫ్‌లో గాలి వీస్తే, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల మీది తెల్లదుమ్ము కళ్లల్లోకి, కూట్లోకి వస్తుంది, ఇంక సన్నటి మోటార్లలోకి రాదా? అందుకని రిమోటు మెడకు తగిలించుకుని, రెండు చేతులూ పైకి చాచి, దూడను పిలిచినట్లు "దా, దా, దామ్మా దా" అంటూ గాల్లోనే పట్టుకునేవాడు. పట్టుకోగానే కెమెరా మీద అరచేయి మూసేవాడు. రెండో పెళ్లాం దిగిందని చూసేవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు.

అతను పోయాక రెండేళ్లు రత్న తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్‌కు పోయివచ్చింది. కాలర్లు కుట్టే పని. ఇంటికొచ్చేసరికి పిల్ల పక్కింటివాళ్ల చాప మీద నిద్రపోతూ ఉండేది. ఆ అవస్థ చూడలేక గిరీశ్ వచ్చాడు. జగదీష్ దగ్గర పని నేర్చుకుని, రాబర్ట్‌సన్‌పేటలోని ఆ చిన్న స్టూడియోను ఒంటిచేత్తో ఈడుస్తున్నవాడు.

"వదినా, కింద కెమెరా నేను చూసుకుంటాను. పైది నువ్వు నేర్చుకో. ఆ రైలు ఇంగ చాలు."

"నాకేం తెలుసప్పా దాని సంగతి?"

"కాలరు వంకర పోకుండా కుట్టే చెయ్యి. నేర్చుకుంటే వస్తాది."

చాంపియన్ రీఫ్స్ ఫుట్‌బాల్ మైదానంలో నేర్చుకోవడం మొదలైంది. కదలనివాటిని తీయడం రెండు వారాల్లో వచ్చేసింది. కదిలేవాటి దగ్గరే తిప్పలన్నీ. మొదట పక్కింటి మేక వెంట పడింది. పైన రొద విని మేక పరుగో పరుగు, దాని వెనక డ్రోన్, డ్రోన్ వెనక రత్న, రత్న వెనక మేక తాలూకు ముసలమ్మ శాపనార్థాలు. ఇంటికెళ్లి చూసుకుంటే ఇరవై నిమిషాల వీడియోలో మేక ఉన్నది రెండు నిమిషాలు. మిగిలిందంతా ఖాళీ నేల.

గిరీశ్ నవ్వలేదు. పాఠం చెప్పాడు.

"పోయేవాళ్ల ఎనకాల పడద్దు వదినా. వాళ్లు యాడికి పోతారో ముందే చూసి, ఆడికి నువ్వు పో. బొమ్మలో వాళ్ల ముందర కొంచెం జాగా వదులు. జాగా లేకుంటే గోడకు గుద్దుకునేటట్లు కనపడతారు."

"మీ అన్న పోయేటప్పుడు యాడికి పోతా ఉండాడో నాకెవురు చెప్పినారు?" అంది రత్న.

గిరీశ్ తల దించుకుని బ్యాటరీ మార్చాడు.

అయినా నేర్చుకుంది. రెండు బొటనవేళ్లూ గట్టిగా నొక్కకుండా, కుట్టుమిషను పెడల్ మీద పాదం ఆనించినట్లు ఆనించడం పట్టుబడింది. సైకిల్ మీద పోయే రక్షిత చుట్టూ కాలరు తిప్పినట్లు గుండ్రంగా తిప్పగలిగింది. ముళబాగిలు వైపు ఒక పెళ్లిలో, ట్రాక్టరు మీద వచ్చే పెళ్లికొడుకును పొలిమేర నుంచి పందిరి దాకా ఒక్క కుదుపు లేకుండా తీసింది. ఆ రోజు గిరీశ్ దండం పెట్టాడు.

తీయడం తర్వాత కోయడం. ఎడిటింగు అంటే కోతే కదా. గిరీశ్ తేలిక మాటల్లో చెప్పాడు.

"ఎండుచేపలు బాగుచేసేటట్లే వదినా. డ్రోన్ లేసేటప్పుడు, దిగేటప్పుడు బొమ్మ ఊగతాది, నేల కనపడతాది. ఎవురికీ అక్కర లేదు. తలా తోకా కోసి పారేయ్. నడుమ ఉండేదే సరుకు."

కిందటి తై నెలలో, సంక్రాంతి దాటగానే, స్టూడియో డిస్కులు నిండిపోయాయి. ముందు పెళ్లిళ్ల కాలం. జగదీష్ తీసిన పాత డ్రోన్ వీడియోలు మూడువందల పది ఉన్నాయి. వాటి నడుమ ముక్కలు మాత్రం కొత్తవాళ్లకు చూపించడానికి ఉంచి, మిగతా తీసేస్తే జాగా వస్తుందన్నాడు గిరీశ్. రత్న సరేనంది.

మొదటి వీడియో తెరవగానే జగదీష్ నిలబడి ఉన్నాడు.

గళ్ల టోపీ, మెడలో రిమోటు, డ్రోన్ లేస్తుంటే దానితో పాటు లేచే తల. పది సెకన్లు. ఆ తర్వాత అతను చిన్నవాడై, చుక్కై, కనపడకుండా పోయాడు. రత్న కంప్యూటరు కట్టేసి, స్టూడియో వెనక బాత్రూంలో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మర్నాడు ఒక ఉపాయం కనిపెట్టింది. వీడియో తెరవగానే కళ్లు గోడ మీది క్యాలెండరు వైపు తిప్పి, ముందుకు జరిపే మీట పదిసార్లు నొక్కేది. అప్పటికి అతను తెర మీద ఉండడు. చివర్లో డ్రోన్ కిందికి దిగడం మొదలుపెట్టగానే, అతను కనపడకముందే, అక్కడ కత్తిరించేది. ఒక్క తోకను కూడా చివరిదాకా చూడలేదు. అలా మూడువందల పదీ కోసింది. అసలువి తీసేసింది. చిమ్మిన చెత్తను వీధిలో పోసి, చేటను కూడా కడిగిపెట్టే ఇల్లాలు కదా, కంప్యూటరులో చెత్తబుట్టనూ ఖాళీ చేసింది. ఆ జాగాలో నాలుగు నెలల పెళ్లిళ్లు వచ్చి కూర్చున్నాయి.

అంత తెలివితక్కువదా అంటారా? కూర్చుని వినేవాళ్లకు తెలివి ఎప్పుడూ ఎక్కువే. పుండు మీద ఈగ వాలితే తోలుతామే గాని, ఇది రేపు పనికొస్తుందా అని ఆలోచిస్తామా? ఆమెకు అవి వీడియోలు కావు, మూడువందల పది పోట్లు. పిల్ల అప్పటికి ఇంకా ఏమీ అడగలేదు.

మే నెలలో ఒక పొద్దున మైదానంలో రక్షిత సైకిల్ తొక్కింది, రత్న తీసింది. ఇంటికొచ్చి, కోయకముందే పిల్లకు చూపించింది. వీడియో మొదట్లో రిమోటు పట్టుకుని, కొంగు దోపుకుని, తలెత్తి చూస్తున్న రత్న కనిపించింది. పిల్ల ఎగిరి గంతేసింది.

"అమ్మా, నువ్వుండావు! తీసేవాళ్లు కూడా దీంట్లో పడతారా?"

"ఊ. మొదట్లో, కడాన. తర్వాత కోసేస్తాము."

పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది.

"అట్లయితే నాన్న తీసినవాట్లో నాన్న ఉంటాడు కదా? నడిచేది కూడా ఉంటాది కదా? చూపీమ్మా!"

రత్న వీడియో ఆపేసింది. రేపు చూపిస్తానంది. ఆ రేపు రాదని ఆమెకు తెలుసు.

చెరిపినవి తిరిగి రప్పించాలని గిరీశ్ డిస్కులు తీసుకుని బెంగళూరు పోయాడు. ఒకదాని మీద ఒకటి రాసేశారు, ఏమీ రాదు అన్నారు అక్కడివాళ్లు. తిరిగొచ్చి స్టూడియో మెట్ల మీద కూర్చుని, "నా నోటితో నేనే చెప్పినాను వదినా, తలా తోకా కోసేయమని" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. రత్న అతన్ని ఒక్క మాట అనలేదు. కోసింది తన చేయి.

మూడో రోజు బియ్యం కడుగుతుండగా ఆమెకు రాయల్పాడు ముసలాయన గుర్తొచ్చాడు. తిమ్మరాయప్ప, మామిడితోటల రైతు. నాలుగేళ్ల కింద మనవడి పెళ్లికి జగదీష్‌ను పిలిచాడు. ఎడిట్ చేసిన సినిమా చేతికిస్తే విసిరికొట్టాడట. "మండీలో దళారి నా కాయను కోసి, వానికి కావాల్సిన ముక్క చూపించి రేటు కడతాడు. కోసి చూపించేవాణ్ణి నేను నమ్మను. నువ్వు తీసిందంతా తీసినట్లు ఇయ్యి. ఏరేదానికి నువ్వెవురు?" అన్నాడట. జగదీష్ ఆ రోజు ఇంటికొచ్చి పడిపడి నవ్వుతూ చెప్పాడు. అంతా పెన్‌డ్రైవ్‌లో పోసి ఇచ్చాడు కూడా.

మర్నాడు పొద్దున తల్లీకూతుళ్లు శ్రీనివాసపురం మీదుగా బస్సెక్కారు. దారి పొడవునా మామిడి లారీలు. రత్న పిల్లకు ఏమీ చెప్పలేదు. అక్కడ లేకపోతే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

తిమ్మరాయప్పకు ఎనభై దాటాయి. నులక మంచం మీద నుంచి లేవకుండానే విషయమంతా విన్నాడు.

"ఆ గళ్ల టోపీ అబ్బాయా? పోయినాడా?" అన్నాడు. "నేను వాణ్ణి శానా తిట్టినానమ్మా."

ట్రంకుపెట్టెలో భూమి పట్టాల కింద, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన పెన్‌డ్రైవ్ తీయించాడు. టీవీకి పెట్టారు. రిమోటు మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు.

"ముందుకు తోసేది లేదు. మొదలుకాణ్ణుంచి చూడాల."

చూశారు. మొదటి వీడియో తెరుచుకోగానే గళ్ల టోపీ కనపడింది, వెంటనే చిన్నదైపోయింది. తర్వాత తోట, తోటలో ట్రాక్టరు, ట్రాక్టరు ముందు తప్పెట్లవాళ్లు. ట్రాక్టరు ముందర ఎంత జాగా వదలాలో అంత వదిలాడు జగదీష్. ఎంత బాగా తీశాడో రత్నకు ఇప్పుడు తెలిసింది. పని రానప్పుడు చూసి ఉంటే తెలిసేది కాదు. అతను బతికుండగా ఒక్కసారైనా బాగుందని తాను చెప్పలేదు.

తోక వచ్చింది. ఈసారి చూపు తిప్పుకోవడానికి ఎదురుగా క్యాలెండరు లేదు.

డ్రోన్ దిగుతోంది. కళ్లం మూలన ఒక చుక్క. చుక్క మనిషయింది. మనిషి నడిచి వస్తున్నాడు, కుడికాలు కొంచెం బయటికి పెడుతూ. దగ్గరికొచ్చి, రిమోటు మెడకు వదిలేసి, రెండు చేతులూ పైకి చాచాడు. సూటిగా టీవీలోంచి చూస్తున్నాడు. నవ్వుతున్నాడు. పెదవులు కదులుతున్నాయి.

"మాట రాదా దీంట్లో?" అన్నాడు తిమ్మరాయప్ప.

"డ్రోన్‌లో మాట రాదప్పా."

రక్షిత లేచి నిలబడింది. టీవీ దాకా పోయింది.

"అమ్మా, నాన్న నన్ను పిలస్తా ఉండాడు."

డ్రోన్‌ను పిలుస్తున్నాడని రత్నకు తెలుసు. "దా, దా, దామ్మా దా." ఆ మాట ఆమె చెవుల్లో స్పష్టంగా వినిపించింది కూడా.

"ఊ," అంది. "నిన్నే."

అరచేయి పెద్దదై తెరంతా మూసేసింది. తర్వాతి వీడియో మొదలవబోయింది. ముందుకు తోయనివ్వని ముసలాయన తానే రిమోటు నొక్కి వెనక్కి తిప్పాడు.

"ఇంగోసారి చూడు తల్లీ."

చుక్క మళ్లీ మనిషయింది. అతను నడిచి వచ్చి, చేతులు చాచాడు. పిల్ల కూడా చేతులు చాచింది. రత్న కొంగు నోట్లో కుక్కుకుంది. మూడువందల పదిసార్లు అతను ఇలాగే నవ్వుతూ నడిచొచ్చి, ఇలాగే పిలిచాడు. ఆ మూడువందల పదిసార్లూ అతను కనపడకముందే ఆమె కోసేసింది.