తెల్ల తివాచీ పక్కన అత్తమ్మ చెప్పులు

పోయిన వారం మా మేనత్త కన్నుమూసింది. ప్రగతి నగర్‌లోని తన ఇంట్లో పొద్దున చాయ్ తాగి, చక్కెర తక్కువైందని కోడలికి చెప్పి, కుర్చీలో వెనక్కి వాలింది. అంతే. నాన్న ఫోన్ చేసి "అక్క పోయిందిరా" అన్నప్పుడు నేను మాదాపూర్ ట్రాఫిక్‌లో ఉన్నాను. నాకు మొదట తోచిన మాట చెబితే పాఠకులు తప్పుగా అనుకోవద్దు. "ఎవరూ వెనక్కి పిలవలేదా?" అనుకున్నాను.

ఎందుకంటే లేచి వెళ్లిపోవడం, వెనక్కి పిలిపించుకోవడం ఆమె జీవితమంతా సాధన చేసిన కళ. కరెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా రిటైరైన ఆ మహాతల్లి చీరల దుకాణానికి వెళితే, ముందు చెప్పులు వాకిలి వైపు ముక్కులు తిప్పి విడిచేది. తెల్ల పరుపు మీద కూర్చుని బీరువాలన్నీ ఖాళీ చేయించేది. ఆ తర్వాత ఒక ధర చెప్పి లేచేది. నాకు ఆ విద్య నేర్పింది కూడా ఆమే. "లేచినంక ఆగొద్దు. గట్లని ఉరకొద్దు. చెప్పులు నిమ్మళంగ తొడుక్కోవాలె. దుకాణపాయనకు మనసు మార్చుకునే టైం ఇయ్యాలె గద!" రెండో చెప్పు తొడుక్కునేలోపే లోపలి నుంచి కేక వచ్చేది: "సరే అమ్మా, మీ ధరకే. రండి."

కుటుంబ వాట్సాప్ గ్రూపులోనూ ఇదే పద్ధతి. అలిగి బయటికి పోయేది. వెనక్కి చేర్చే పవిత్ర బాధ్యత అడ్మిన్‌నైన నాది. ఆలస్యమైతే ఫోన్ వచ్చేది: "ఏంది అల్లుడా, నేను పోయిన సంగతి నీకు ఎరుకలేదా?"

ఈ కళ మా కంపెనీని ఎలా నిలబెట్టిందో చెప్పకపోతే నాకు ముద్ద దిగదు.

నేనూ, నా కాలేజీ స్నేహితురాలు స్రవంతీ ఒక యాప్ చేశాం. చీర ఫొటో తీస్తే దానికి ఏ రంగు బ్లౌజు నప్పుతుందో, దగ్గర్లో ఎవరు బాగా కుడతారో చెబుతుంది. నిజంగానే బాగా చెబుతుంది. చిన్న చిక్కల్లా ఏమిటంటే, ఆ సంగతి మా రెండు కుటుంబాలకూ, కాకినాడలో స్రవంతి వాళ్ల వీధికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా జవాబు చెప్పాలి. ఆమె వెళ్లిపోతే యాప్ మూతపడుతుంది. కోడ్ రాసేది ఆమె. నాకు మాట్లాడడం ఒక్కటే వచ్చు.

అప్పుడు మాకొక దివ్యమైన ఆలోచన వచ్చింది. హైటెక్ సిటీలో ఒక వీడియో కార్యక్రమం తీస్తున్నారు. ఇన్వెస్టర్లు వరుసగా కూర్చుంటారు, కొత్త కంపెనీల వాళ్లు వెళ్లి పెట్టుబడి అడుగుతారు. మేమూ వెళ్లి, మా కంపెనీకి నోరు తిరగని విలువ చెబుదామనుకున్నాం. అత్తమ్మ చాయ్ పోస్తూ విన్నది.

"ఆ ధరకు కోకాపేటల టవర్ పైఅంతస్తులన్నీ వస్తయి గద. ఎవడిస్తడు?"

"ఎవలియ్యరు అత్తమ్మా. తిడ్తరు. ఆ తిట్టుడు వీడియో అందరు చూస్తరు. చూసినోళ్లు యాప్ వెతుకుతరు."

"తిట్టిపిచ్చుకునేతందుకు అంత దూరం ఎందుకు? ఈడ కూసో, నేను తిడత."

కానీ మరుక్షణమే ముఖం మారింది. "బిడ్డా, ఇది మంచిగ పనిచేస్తదా?" అని స్రవంతిని అడిగింది.

"మీరే చూడండి ఆంటీ" అంటూ స్రవంతి ఫోన్ అందించింది.

అత్తమ్మ తన ముదురాకుపచ్చ పట్టుచీర తెచ్చి ఫొటో తీసింది. యాప్ ఆవపువ్వు రంగు చూపించింది. అత్తమ్మ చాలాసేపు ఆ తెరనే చూసింది. "సరుకు మంచిదైతే ధర ఎంతన్న చెప్పొచ్చు. చెప్పేటప్పుడు నవ్వొద్దు, గంతే."

షూటింగ్ రోజు అదే చీర కట్టి, ఆవపువ్వు రంగు బ్లౌజు తొడుక్కుని మోడల్‌గా మాతో వచ్చింది. స్టేజి మీద తెల్ల తివాచీ పరిచి ఉంది. అంచు దగ్గర టక్కున ఆగింది. "తెల్లగున్నది. చెప్పులిడువుర్రి!" చీరల దుకాణంలో పెరిగిన పాదాలు కదా, మేమూ మారుమాట లేకుండా విడిచి, అక్కడి కుర్చీల్లో కూర్చున్నాం. చిరిగిన సాక్సులోంచి నా బొటనవేలు ఇన్వెస్టర్లకు నమస్కరించింది.

ధర చెప్పాను. నవ్వలేదు. వాళ్లు నవ్వారు.

"అంత విలువ ఎవరు కట్టారయ్యా?" అన్నాడు మధ్యలో కూర్చున్న పెద్దాయన.

"మేమే సార్."

తిట్లు మొదలయ్యాయి. నా మనసులో బ్యాండుమేళం. అంతా అనుకున్నట్టే జరుగుతుండగా పెద్దాయన ఉన్నట్టుండి తిట్టడం ఆపాడు. "సరే. మీరడిగిందాంట్లో నూరో వంతు ఇస్తాను. కంపెనీ నాదవుతుంది. మీరిద్దరూ నా దగ్గర జీతానికి చేయండి" అన్నాడు.

దీనికి మేము రిహార్సల్ చేయలేదు. స్రవంతి నా వైపు చూసింది. ఆ కళ్లలో బెంగళూరు కనబడింది. జీతమే కావాలంటే అక్కడా ఉంది. అయినా నా నోరు "సరే" అనడానికి సగం తెరుచుకుంది.

"లే, పోదాం పా" అన్నది అత్తమ్మ. "ఊర్ల ఇదొక్కటే దుకాణమా?"

లేచిన తర్వాత ఆగకూడదు, ఉరకకూడదు. తివాచీ అంచుకు వచ్చి ముగ్గురం చెప్పుల పనిలో పడ్డాం. నాకు బూట్ల లేసులు, స్రవంతికి సాండల్ బకిల్. హాలంతా మా కాళ్ల వైపే చూస్తోంది. కెమెరాలకు మమ్మల్ని తీయడం తప్ప వేరే పని లేదు. అత్తమ్మ ఒక చెప్పు తొడుక్కుని, రెండోది కాలి వేళ్లకు తగిలించుకుని, భుజం మీంచి వెనక్కి చూసింది.

"ఏమయ్యా, పిలుస్తవా, పోవాల్నా?"

హాలు ఈలలతో మోగింది. పెద్దాయన కూడా పడీ పడీ నవ్వాడు. "రండమ్మా, రండి. పిల్లల కంపెనీ పిల్లలకే ఉంచుదాం. ధర కొంచెం తగ్గించండి."

"ఇప్పుడు పెరిగింది" అన్నది అత్తమ్మ. "జర ఈ బ్లౌజు చూడు. ఆ యాపే చెప్పింది." రెండో చెప్పు తొడుక్కుని నడిచింది.

పెట్టుబడి రాలేదు. మేము కోరుకున్నదీ అదే. కానీ ఆ చెప్పులు తొడుక్కునే ముక్క ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది. వీడియో బయటికొచ్చిన సాయంత్రం జనం ఎగబడితే యాప్ చతికిలబడింది. స్రవంతి నవ్వుతూ, ఏడుస్తూ, దాన్ని లేపుతూ, మధ్యలోనే బెంగళూరుకు ఫోన్ చేసి రానని చెప్పేసింది. ఇవాళ నార్సింగిలో ఒక టిఫిన్ సెంటర్ పైన మాకు ఆఫీసుంది. ఇడ్లీ ఆవిరి మధ్య రోజంతా ఎవరెవరి చీరలో వస్తూనే ఉంటాయి. అత్తమ్మ కీర్తి కూడా తక్కువేం కాదు. దుకాణాల్లో సెల్ఫీ అడిగితే దిగేది. దిగాక, "ఫొటో ఇచ్చిన గద, ఇగ తగ్గించు" అనేది.

మేము పబ్లిసిటీ కోసం పెద్ద ధర చెప్పాం. ఆ ధరను నమ్మింది ఆమె ఒక్కతే. మేము చవగ్గా అమ్ముడుపోబోతున్నామని కనిపెట్టి, మా కంటే ముందు లేచింది.

వార్త తెలిసి ఇంటికి వెళ్లేసరికి ఆమె చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, ముక్కులు వీధి వైపు తిప్పుకుని, ఒకటి రవ్వంత ముందుకు. వచ్చినవాళ్లందరూ వాటిని తప్పుకుని లోపలికి వెళ్లారు. సాగనంపి వచ్చాక ఆమె కోడలు వాటిని తీయబోతే, నాన్న "ఉండనీ బిడ్డా" అన్నాడు.

సాయంత్రం స్రవంతీ నేనూ ఆ గుమ్మంలోనే కూర్చున్నాం. ఆమె బకిల్ పెట్టుకుంటోంది. నేను లేసులు కట్టుకుంటున్నాను, నిమ్మళంగా, చాలా నిమ్మళంగా. పిలవాల్సింది ఈసారి మేమే కదా అనిపించింది.

"సరే అత్తమ్మా, నీ ధరకే. రా" అన్నాను.

చెప్పులు వీధి వైపే చూస్తున్నాయి. ఒకటి రవ్వంత ముందుకు.