బాలెంతకు పొట్ట ముక్క

మిర్గం కార్తె నాడు ఇంట్ల చేప కూర కాకపోతే మా అవ్వకు వానకాలం మొదలైనట్టే ఉండది. అందుల ఈసారి నేను బాలెంతను. పురుడుకు తల్లిగారింటికొచ్చి మందమర్రిల అవ్వ దగ్గర్నే ఉన్న. ఆమె పొద్దుగాల్నే మార్కెట్‌కు పోయి పెద్ద బొచ్చె చేపను సంకల పిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకొచ్చింది. మొప్పలు ఎత్తి నాకు చూపిచ్చింది. మొప్పలు ఎర్రగుంటే అయిపాయె, ఇగ ఆ చేపకు వంక పెట్టెటోళ్లు మా దిక్కు లేరు.

మా ఇంట్ల ఒక రివాజున్నది. చేప కోస్తే పొట్ట ముక్క, తలకాయ, అండ్ల కొవ్వు బాలెంతకే. మొగోళ్లు సుత ముట్టరు. కొవ్వు తింటే పాలు పడతయంటరు. నా బిడ్డకు పాలు సాలుతలేవని అవ్వకు ఒకటే ఫికర్.

అయితే అంతకు ముందే చేపలల్ల పురుగుల మందులుంటున్నయని ఫోన్ల చూసి, భయమై పిల్లల డాక్టరమ్మను అడిగిన. ఆమె దాయలే.

"చేన్లల్ల ఎన్నడో కొట్టిన మందులు, కార్ఖానాల నీళ్లు చెరువు మట్టిల ఏండ్లకేండ్లు అట్లనే ఉంటయమ్మా. చేప కొవ్వుల జమైతయి. పెద్ద చేపల ఇంకెక్కువ. కడిగితే పోవు, ఉడికిస్తే పోవు. తల్లి తింటే పాలల్లకు దిగుతయి. పాలు మాత్రం మానకు, పిల్లకు అవే మంచియి. చిన్న చేపలు తిను, కొవ్వు తీసెయ్యి."

మా మార్కెట్ చేపల ఉన్నయా లేవా, ఎక్కడ చూపియ్యాలె అని అడిగిన. ఈడ ఎవరు చూస్తరమ్మా అన్నది. నిజమే. తక్కెడ సరిగ్గున్నదా లేదా చూడనీకి మార్కెట్‌కు ఒక సారు వస్తడు. చేపల ఏమున్నదో చూడనీకి ఎవ్వడు రాడు.

ఇదంత అవ్వకు చెప్పిన. ఇనలే. ఉప్పు, పసుపు, నిమ్మకాయ పెట్టి రుద్ది రుద్ది, నీళ్లు తేటగయ్యేదాక కడిగింది.

"ఇంకేడున్నదే మందు? వాసన చూడు," అని గిన్నె నా మొఖం కాడ పెట్టింది.

మంచి వాసనే వస్తున్నది. గందుకే నాకు కడుపు మండింది. కుళ్లిందైతే కంపు కొడతది, పారేస్తం. ఇది కంపు కొట్టది, చేదుండది. ఎవలతోని కొట్లాడాలె? చిన్నప్పుడు మా బాపు పత్తి చేన్ల తెల్ల పొడి చల్లంగ చూసిన. అమ్మినోడు మంచిదన్నడు, సేద్యం సంగతి చెప్పనీకొచ్చిన సారు మంచిదన్నడు. పురుగులు చావలే. చేను పాయె, బాపు పాయె. ఆ పొడి మాత్రం ఏ చెరువుల కూసున్నదో, ఇయ్యాల నా పళ్లెంలకు వస్తున్నది.

"నాకొద్దవ్వా. పొల్లకు పాలియ్యాలె," అన్న.

ఆ మాటకు ఆమె చెయ్యి ఆగింది. అప్పటిదాక నా మీదికి లేసిన మనిషి, పొల్ల దిక్కు చూసి గిన్నెను పొయ్యి కాడికి తీస్కపోయింది.

అన్నం కాడ నా పళ్లెంల తోక దిక్కు సన్న ముక్కలు ఏసింది. పొట్ట ముక్క, తలకాయ, పైన తేలిన కొవ్వు తన పళ్లెంల ఏసుకున్నది. నాకు తెలిసి అవ్వ ఎన్నడు పొట్ట ముక్క తినలే, ఎవలికో ఒకలికి పెట్టుడే. పారెయ్యమన్న.

"మిర్గం నాటి చేపను పారేస్తరా?"

"మరి నువ్వెట్ల తింటున్నవ్?"

"నాకేమైతదే," అన్నది ముల్లు తీసుకుంట. "నేనింక ఎవలికి పాలియ్యాలె?"