బుదైయా పైపుల సార్

మొన్న పొద్దున కంపెనీ స్టోరు ముందు పైపు చివర మరలు కోస్తుంటే మా సర్వేయరు సార్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "భాయ్, పైపుల సార్ పోయాడు. వాళ్ల ఊళ్లోనే. నిద్రలోనే," అన్నాడు. ఆయన వెళ్లాక కూడా నా చేతులు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, భయం. బహ్రెయిన్‌లో నా సంగతి తెలిసిన మనిషి పైపుల సార్ ఒక్కడే. పోయేముందు ఎవరికైనా చెప్పాడేమో అనుకున్నాను. అలా అనుకున్నందుకు తర్వాత సిగ్గేసింది. అందుకే ఆ సంగతి నేనే చెబుతున్నాను.

నేను ప్లంబర్ వీసా మీద ఇక్కడ దిగిన రోజుకి రెంచి పట్టి ఎరగను. నిజామాబాద్ దగ్గర మా ఊళ్లో సైకిల్ పంక్చర్లు వేసేవాణ్ణి. "పని వస్తదని చెప్పు, మిగతాది అక్కడ చూసుకోవచ్చు" అన్నాడు ఏజెంటు. షాపు అమ్మేసి వచ్చాను. వచ్చాక తెలిసింది, మూడు నెలలకి టెస్టు ఉంటుందని, తప్పినవాణ్ణి ఆ వారమే విమానం ఎక్కిస్తారని. టెస్టు పెట్టేది పైపుల సార్. మా కంపెనీలో నీళ్ల లైన్లు చూసే ఇంజనీరు గనుక ఆయనకి ఆ పేరు. దేశం స్కాట్లాండ్. ఎవరైనా ఆయన్ని ఇంగ్లీషువాడు అంటే మాత్రం ముఖం ఎర్రబడేది.

రెండో వారం, శుక్రవారం. గదిలో బట్టలు ఉతుక్కుంటుంటే మేస్త్రీ వచ్చాడు.

"ఏమ్రా, బుదైయాల పైపుల సార్ ఇంట్ల పైపు లీకైతున్నదట. దారం పట్టుకొని రమ్మంటున్నడు. యల్లా, పో."

"ఒక్కణ్ణేనా మేస్త్రీ?"

"పైపుకు ఇద్దరెందుకు? పెండ్లికి పోతున్నవా?"

దారంతో పాటు రెంచి, టేపు సంచిలో వేసుకుని బుదైయా ఊరికి వెళ్లాను. దారి పొడుగునా రెంచి ఏ వైపు తిప్పాలో గాల్లో తిప్పి చూసుకున్నాను. సార్ నన్ను నేరుగా ముందుగదిలోకి తీసుకెళ్లి సోఫా చూపించాడు. దాని మీద తల తీసిన మేకపిల్లలా నల్లటి తోలుసంచి ఒకటి, దానికి ఐదు గొట్టాలు. "పైప్స్. లీక్," అన్నాడు. వాళ్ల దేశంలో ఊదే ఆ వాయిద్యం పేరే పైప్స్ అట. మేస్త్రీకి ఫోన్లో వినబడింది కూడా ఈ మాటే.

అది నాకు తెలియని వస్తువేం కాదు. మా వైపు కథలు చెప్పేవాళ్ల వెనక ఒకడు నిలబడి శ్రుతి కోసం తోలు తిత్తి ఊదేవాడు. ప్రాణం కొంచెం కుదుటపడింది. గాలి పోతోంది, ఎక్కడ పోతోందో చూడాలి, అంతే కదా. "సార్, ఒక తొట్టి నిండా నీళ్లు కావాలి," అన్నాను.

"నీళ్లా! వద్దు, వద్దు!" ఆయన సంచిని బిడ్డలా గుండెలకి హత్తుకున్నాడు. తోలు తడిస్తే పాడవుతుందట. అప్పుడు సబ్బు నురగ అడిగి, గొట్టాలు చేరేచోట వేలితో రాశాను. మూడో గొట్టం మొదట్లో బుడగ లేచింది. "ఇదిగో సార్!" అన్నాను సంతోషంగా.

ఆయన బుడగను చూళ్లేదు, నన్ను చూశాడు. "ప్లంబర్ ఎవడూ తొట్టి అడగడు. నువ్వు సైకిళ్లు బాగుచేసేవాడివి."

ఆయన హిందీ, నా ఇంగ్లీషు, రెండూ అంతంతమాత్రమే. అయినా ఆ మాట సూటిగా దిగింది. నేను వేలికంటిన నురగ తుడుచుకుని సంచి సర్దుకున్నాను. రాత్రి నా రోజువారీ లెక్కల పుస్తకంలో ఆ రోజు కింద రెండే మాటలు రాసుకున్నాను: బుదైయా, లీకు.

వారమంతా పిలుపు కోసం భయపడ్డాను. శుక్రవారం వచ్చింది. "మళ్లీ లీకట. ఏం చేసినవ్‌రా పోయినసారి?" అన్నాడు మేస్త్రీ. వెళ్తే, సార్ బల్ల మీద జనుము దారం, మైనం, పక్కనే నిజమైన ఇనప పైపు ముక్కలు నాలుగు పెట్టుకుని కూర్చున్నాడు. తిత్తి గొట్టాల అతుకులకి చుట్టేదీ నీళ్ల పైపులకి చుట్టేదీ ఒకే దారం. తిత్తి గొట్టానికి చుట్టి చూపించి, ఇనప పైపుకి నన్ను చుట్టమన్నాడు. తప్పు చుడితే తిట్టేవాడు కాదు. విప్పి, దారం నా చేతికిచ్చి "ఫిర్ సే" అనేవాడు. ఎన్ని వందలసార్లు అన్నాడో. అలా ప్రతి శుక్రవారం ఆ ఇంట్లో ఏదో ఒకటి లీకయ్యేది.

నేర్పడం మొదలెట్టిన రోజే ఒక మాట అన్నాడు. "టెస్టు రోజు నువ్వెవరో నాకు తెలియదు. గేజి అబద్ధం చెప్పదు. దాని చేత నేనూ చెప్పించను." ఆ మాట తలుచుకుంటే అన్నం దిగేది కాదు.

మధ్యాహ్నాలు వాళ్ల బ్యాండు చేరేది. సార్ తిత్తి, సర్వేయరు సార్ కరెంటు గిటారు, ఇంకొకాయన ఫిడేలు. మొదటిసారి తిత్తికి భుజం మీదుండే మూడు గొట్టాలూ ఒక్కసారిగా మోగినప్పుడు నేను వరండాలోకి వచ్చి చెప్పులు వేసుకుని నిలబడ్డాను, ఎటైనా పరిగెత్తాల్సి వస్తుందేమోనని. తిత్తి శ్రుతి మారదు, గిటారే తీగలు బిగించుకుని పైకి రావాలి. ప్రతి వారం ఇదే గొడవ.

"నీ మేక మా కోసం ఒక్కసారైనా గొంతు దించదా?" అనేవాడు సర్వేయరు సార్.

"మేకకి ఒకటే గొంతు. నువ్వే ఎక్కు."

"తీగ తెగితే?"

"తీగలు కొట్లో దొరుకుతాయి. మేకలు దొరకవు."

సార్ బీరువాలో క్యాసెట్లకి మూడు అరలు. మొదటిదాంట్లో వాళ్ల పల్లెల పాటలు పాడేవాళ్లు, ఫిడేలు వాయించేవాళ్లు. రెండోదాంట్లో చెవులు చిల్లులు పడే రాక్ బ్యాండ్లు. మూడోది చిన్న అర, తిత్తినీ డ్రమ్ములనీ కలిపి వాయించేవాళ్లది. "వీళ్లని ఆ రెండు అరలవాళ్లూ తిడతారు," అని నవ్వేవాడు. వయసులో ఆయనా అలాంటి బ్యాండులోనే తిరిగాడట, ఓడలు కట్టే ఊళ్లో, ఒక పాత వ్యానులో. క్యాసెట్ పెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుంటూనే నేను ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. చనిపోయినవాళ్ల కోసం సార్ తిత్తి మీద వాయించే పాట ఒకటి ఉండేది, చాలా నెమ్మదిగా. అది మొదలెడితే గిటారు ఆగిపోయేది, సార్ వేళ్లు గొట్టం రంధ్రాల మీద ఒక్కొక్కటే లేచి దిగేవి. నాకు ఎందుకో నా టెస్టే గుర్తొచ్చేది.

టెస్టు రోజు యార్డులో పదిమందిమి. ఎవరి జాయింటు వాళ్లు బిగించాలి. నీళ్లు పంపు చేసి, ఒత్తిడి చూపే గేజి ముల్లు గీత దగ్గరికి తెస్తారు. అరగంటలో ముల్లు దిగితే ఖలాస్. సార్ అట్ట, పెన్ను పట్టుకుని వరసగా వచ్చాడు.

"పేరు?"

చెప్పాను.

"పని?"

"ప్లంబర్, సార్." ఆయనకి వినబడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

కొత్తవాణ్ణి రాసుకున్నట్టే రాసుకున్నాడు. నా ముఖం వైపు చూడలేదు. నా పక్కవాడి ముల్లు పది నిమిషాలకే జారింది. వాడు అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. సార్ వాడి పేరు పక్కన ఏదో రాసి, వచ్చి నా పైపు ముందు ఆగాడు, నాకు వీపు పెట్టి. ఎండ నెత్తి మీద ఉంది. ముల్లును చూసే ధైర్యం లేక నేను తల దించుకున్నాను.

అప్పుడు కనబడింది. ఆయన చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని అట్ట పట్టుకున్నాడు. ఆ అట్ట మీద ఆయన వేళ్లు, తిత్తి గొట్టం మీదలాగే, ఒక్కొక్కటే లేస్తున్నాయి, ఒక్కొక్కటే నొక్కుతున్నాయి, చాలా నెమ్మదిగా, చప్పుడు లేకుండా. నొక్కిన ప్రతిసారీ వేలి గోరు తెల్లబడుతోంది. తలెత్తి చూశాను. ఆయన తల ముల్లు వైపు నుంచి కదల్లేదు. ముల్లు గీత మీంచి కదల్లేదు. అరగంట ఇంకా కాలేదు.